కడుపునొప్పి, కాళ్ల మీద ఎర్రమచ్చలు: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా బాబుకి 6 ఏళ్లు. గొంతునొప్పి తగ్గిన వారానికి కడుపునొప్పి మొదలైంది, ఇప్పుడు పిక్కల మీద, పిరుదుల మీద ఎర్రమచ్చలు, చీలమండ వాపు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మచ్చ మీద గాజుగ్లాసు నొక్కి చూడండి, రంగు పోకపోతే ఇప్పుడే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఐజీఏ వాస్క్యులైటిస్ కావచ్చు. చిన్న రక్తనాళాలు వాస్తాయి, పేగు గోడలో వాస్తే ఈ నొప్పి, కొందరికి మచ్చలకంటే ముందే వస్తుంది.

జవాబు: మా పాపకీ వచ్చింది, కొన్ని వారాల్లో తగ్గింది. మచ్చలు పోయినా కనీసం 6 నెలలు మూత్రపరీక్ష, బీపీ మానకండి, కిడ్నీల గురించే భయమంతా.

జవాబు: మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతులు, మెలిపెట్టే నొప్పి ఉంటే పేగులోకి పేగు దూరి ఉండొచ్చు. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.