'బహుదలీయ జనవాద్'ను తెలుగులో ఏమనాలి?

నేపాల్‌లోని కమ్యూనిస్టు పార్టీల్లో ఒకటైన ఎమాలే (ఏకీకృత మార్క్సిస్టు-లెనినిస్టు) తన సిద్ధాంతానికి పెట్టుకున్న పేరు 'జనతాకో బహుదలీయ జనవాద్'. దీన్ని 'బహుదళీయ ప్రజాస్వామ్యం' అని రాయవచ్చా అని ఒక సభ్యురాలు అడిగారు. దయచేసి అలా రాయొద్దండీ.

నేపాలీలో దల్ అంటే రాజకీయ పార్టీ. మనకు రాజకీయాల్లో దళం అనగానే గుర్తొచ్చేది తుపాకీ పట్టిన గెరిల్లా దళం. తెలంగాణ సాయుధ పోరాటం నాటి నుంచీ ఆ మాటకు ఆ అర్థం ఉంది. అందుకే ఉత్తరాది పార్టీల పేర్లను జనతాదళ్, అకాలీదళ్ అని పొల్లుతోనే ఉంచుకున్నాం. పైగా ఈ సిద్ధాంతం పుట్టిందే సాయుధ మార్గం వదిలిన వాళ్ల దగ్గర. 1971లో నక్సల్బరీకి సరిహద్దు అవతల ఉన్న ఝాపాలో భూస్వాములను చంపుతూ మొదలైన ఉద్యమం, 1991 నాటికి ఎన్నికల్లో పోటీ చేసి ప్రధాన ప్రతిపక్షమైంది. దాని సిద్ధాంతం పేరులో దళాలు కనిపిస్తే చదివేవాళ్లకు పూర్తిగా తప్పు అర్థం వెళ్తుంది.

'బహుళపక్ష' సరిపోతుంది. అఖిలపక్షం, ప్రతిపక్షం, వామపక్షం మనకు అలవాటైన మాటలే. కాకపోతే ఇక్కడ ఒక వివరణ తప్పనిసరి. పార్టీలు చాలా ఉండటం వేరు, అవి పోటీ పడటం వేరు. చైనాలో కమ్యూనిస్టు పార్టీ కాక ఇంకో ఎనిమిది పార్టీలున్నాయి, కానీ అవి అధికారం కోసం పోటీ చేయవు. కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం కిందే మిగతావి ఉండాలనే ఈ పద్ధతికి మూలమైన, మావో చెప్పిన నూతన ప్రజాస్వామ్యాన్ని నేపాలీలో 'నౌలో జనవాద్' అంటారు. 1993లో ఎమాలే అయిదో మహాసభ ఆ పాత పంథా స్థానంలో పార్టీ ప్రధాన కార్యదర్శి మదన్ భండారీ ప్రతిపాదించిన ఈ కొత్త పంథాను ఆమోదించింది. దీని ప్రకారం రాజ్యాంగమే సర్వోన్నతం, నిర్ణీత కాలానికి ఎన్నికలు, మెజారిటీది ప్రభుత్వం, మైనారిటీది ప్రతిపక్షం. కమ్యూనిస్టులు నాయకత్వం వహించాలన్నా జనం ఓట్లతో గెలవాల్సిందే. మార్క్సిజాన్ని వదలకుండానే ఈ మాట అనడం అప్పట్లో నిజంగా సాహసం. ఆమోదం పొందిన కొద్ది నెలలకే, ఆ మే నెలలో భండారీ జీపు ప్రమాదంలో చనిపోయారు. 1994లో ఎమాలే నాయకుడు మన్మోహన్ అధికారి మైనారిటీ ప్రభుత్వం ఏర్పాటు చేశారు, తొమ్మిది నెలలకు అవిశ్వాస తీర్మానంలో ఓడి దిగిపోయారు. సిద్ధాంతానికి తొలి పరీక్ష అదే అని నేనంటాను.

ప్రశ్న: మరి 'జనవాద్'కు ప్రజాస్వామ్యం అంటే ఏం పోతుందండీ?

జవాబు: తప్పేమీ లేదు, కానీ రంగు పోతుంది. నేపాల్‌లో జనవాద్ కమ్యూనిస్టుల మాట. అక్కడి నేపాలీ కాంగ్రెస్ పార్టీ వాళ్లు ప్రజాతంత్ర అనేవారు. అక్కడ ప్రజ అంటే రాజుగారి ప్రజ అనే ఛాయ ఉంది కాబట్టి, రాజు పాలనకు వ్యతిరేకంగా జరిగిన 2006 ఉద్యమం నాటికి లోక్‌తంత్ర అనే మాట ముందుకొచ్చింది. తెలుగులో ప్రజ అన్న మాటకు ఆ ఇబ్బంది లేదు. పైగా 'జనతా ప్రజాతంత్ర విప్లవం' అని మన మార్క్సిస్టు పార్టీ ఎప్పటినుంచో వాడుతోంది. ఆ వరసలో 'జనతా బహుళపక్ష ప్రజాతంత్రం' అని రాస్తే వామపక్ష సాహిత్యం చదివేవాళ్లకు ఇది ఎవరి మాటో వెంటనే తెలుస్తుంది. దినపత్రికకైతే మీరన్నట్టు ప్రజాస్వామ్యం అనే రాయండి.