‘నోరులేని జీవాలు’ అనే మాట మీద

మిర్యాలగూడ నుంచి ప్రశ్న:
మాంసం, గుడ్లే కాదు, పాలు, తోలు లాంటివి జంతువుల నుంచి వచ్చేదేదీ వాడని వాళ్లను ‘వీగన్’ అంటరు కదా, తెలుగులో ఏమనాలి? శాకాహారి అందామంటే, శాకాహారులు పాలు, పెరుగు తింటారు కదా. మా చెల్లె ఆర్నెల్ల నుంచి వీగన్. ఎందుకమ్మా అంటే ‘నోరులేని జీవాల తరఫున మాట్లాడుతున్న’ అంటది. తినకపోవడం మాట్లాడటం ఎట్లయితది?

నల్గొండ నుంచి జవాబు:
మీ చెల్లె మాటలోనే జవాబుందండీ. మన భాషలో తినేదీ నోరే, మాట్లాడేదీ నోరే. ‘ఆమెకు నోరెక్కువ’ అంటే మాట సంగతి. ‘నోరు కట్టుకొని పిల్లలను చదివించింది’ అంటే తిండి సంగతి. వీగన్ చేసే పని ఈ రెంటినీ కలుపుతుంది. జంతువు కోసం నోరు విప్పాలంటే ముందు నోరు కట్టుకోవాలి. ఒకరి తరఫున వకాల్తా పుచ్చుకున్న వకీలు అవతలి పక్షం దగ్గర ఫీజు తీసుకుంటే ఊరుకుంటామా? అట్లాగే ఇదీ.

మనకు ఒక్కపొద్దులు కొత్త కాదు. శనివారమని, శివరాత్రి అని తిండి మానుతాం. అది దేవుడి కోసం, మన మొక్కు కోసం. ఇక్కడ మానేది ఎదుటి ప్రాణి కోసం. అంతే తేడా.

‘నోరులేని’ అనే మాట మీదే నాకు అభ్యంతరం. ఎద్దు రంకె వేస్తుంది, గుర్రం సకిలిస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, ఆవు అంబా అంటుంది, బర్రె ఒర్లుతుంది. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క పేరు పెట్టుకున్న వాళ్లం, మళ్లీ వాటినే మూగజీవాలంటాం!

నా చిన్నప్పుడు మా ఇంట్లో బర్రె ఈనిన వారానికే దుడ్డె చచ్చిపోయింది. బర్రె రెండు రాత్రులు కొట్టంలో ఒర్లుతూనే ఉంది, మేత ముట్టలేదు. మూడో నాడు తాత ఆ దుడ్డె తోలులో వరిగడ్డి కూరి, కుట్టించి తెచ్చిండు. పాలు పిండేటప్పుడు దాన్ని ముందర పెడితే బర్రె వాసన చూసి, మెడ చాపి నాకేది. నాలుక తగిలిన చోటల్లా వెంట్రుకలు తడిసి అతుక్కుపోయేవి. అప్పుడు చేపేది, పొదుగులోకి పాలు దించేది. చెంబు నిండేది. నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూ ‘నోరులేనిది, ఎవరికి చెప్పుకుంటది’ అన్నది. రెండు రాత్రుల నుంచి అది చెప్తనే ఉంది. వినే చెవి మాకు లేదు. మావాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆ పాలతోనే నేను పెరిగిన. అయినా ఆ తడిసిన తోలు ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది.

ఇక తెలుగు మాట సంగతి. ‘వీగన్’ పాత మాటేం కాదు. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీ పెట్టినప్పుడు, ‘వెజిటేరియన్’ ఇంగ్లిష్ స్పెల్లింగులో మొదటి మూడు అక్షరాలు, చివరి రెండు అక్షరాలు కలిపి చేసుకున్నారు. శాకాహారుల్లోనే పాలు కూడా వద్దన్న వాళ్లకు వేరే పేరు కావాల్సి వచ్చింది. మనకూ అదే చిక్కు. మన దగ్గర ‘నీసు’ అంటే మాంసం, చేపలు, గుడ్డు. పాలు నీసు కావు, పైగా పవిత్రం. ‘శుద్ధ శాకాహారి’ అన్నా నెయ్యి ఉండనే ఉంటుంది. అసలు ఆహారి అనగానే విషయం కంచం దగ్గరే ఆగిపోతుంది. తోలు చెప్పులు, ఉన్ని, పట్టు ఎక్కడ పోవాలి? పోచంపల్లిలో పట్టూ నేస్తారు, నూలూ నేస్తారు. పట్టుగూళ్లను లోపల పురుగు ఉండగానే వేడినీళ్లలో వేసి దారం తీస్తారు. నిజంగా గొంతు లేనిది ఆ పురుగే. నేనైతే అదే మగ్గం మీది నూలు చీర కొంటాను, నేసే చేతులకూ పని ఉంటుంది. కాబట్టి ‘వీగన్’నే తెలుగు లిపిలో రాసుకుందాం. రైలును, బస్సును కలుపుకున్నట్టే.

దేవరకొండ నుంచి ఒకరు:
అన్నా, మేం కురుమోళ్లం. మాకు ‘జీవాలు’ అంటే గొర్లు, మేకలే. మబ్బుల లేచి మందను తోలుకపోయేది మేము, రోగమొస్తే రాత్రంతా మేల్కొనేది మేము. వాటి తరఫున మాట్లాడేది పట్నపోళ్లా?

నల్గొండ నుంచి:
తమ్మీ, నీ కోపం న్యాయమైనదే. ఏ గొర్రె ఎందుకు అరుస్తుందో నీకు తెలిసినంత నాకు తెలియదు. మీరు మందను ‘జీవాలు’ అనడమే నాకెంతో నచ్చింది. సరుకు అనలేదు, ప్రాణం అన్నారు. నీ బతుకు మీద నాకు తీర్పు లేదు. పూట గడవడానికి వేరే దారి ఉన్నవాడిని కాబట్టి నేను నన్నే అడుగుకుంటున్న. ఒక్కటి మాత్రం చెప్పు, పిల్లను అమ్మిన రోజు తల్లిగొర్రె ఎట్ల అరుస్తది? దానికి మీ ఇండ్లల్లో వేరే మాట ఉందా? ఉంటే ఇక్కడ రాయి, నిఘంటువుల్లో నాకు దొరకలేదు.

మిర్యాలగూడ నుంచి:
చెల్లెకు చదివి వినిపించిన అన్నా. హోటల్‌కు పోతే ఏమని చెప్పాలో అడుగుతుంది.

నల్గొండ నుంచి:
నేనైతే క్లాక్ టవర్ దగ్గర చాయ్ బండి మీద ‘పాలు లేకుండా’ అంటా. మొదట్లో ఆయన ‘షుగరా సార్?’ అని అడిగేవాడు. బర్రె కోసమని చెప్పిన. ఒక్క నిమిషం గ్లాసు పట్టుకొని నిలబడ్డడు. ఇప్పుడు నేను పోంగనే అల్లం, నిమ్మకాయ తీస్తడు.