కారజీనన్ పరీక్ష: కంట్రోల్ ఎలుకల్లోనే వాపు ఒకేలా రావడం లేదు

ప్రశ్న: నమస్కారం. ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ చదువుతున్నాను. వావిలాకు సారం వాపును ఎంత తగ్గిస్తుందో విస్టార్ రకం ప్రయోగశాల ఎలుకల పాదంలో కారజీనన్ (వాపు పుట్టించే, సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థం) ఎక్కించి చూస్తున్నాను. రెండు చిక్కులు వచ్చాయి. మందు ఇవ్వని గుంపులోనే ఒక ఎలుకకు పాదం బాగా వాచింది, మరొకదానికి అందులో సగం కూడా లేదు. పైగా మూడో గంటకు వాపు తగ్గించిన సారం, చిట్టెలుకలను వేడి పలక మీద ఉంచి నొప్పిని చూసే హాట్ ప్లేట్ పరీక్షలో ఏ ప్రభావమూ చూపలేదు. సారం పనికిరానిదేనా? మరో ఆరు ఎలుకలకు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాను.

జవాబు: దరఖాస్తు పెట్టకముందే ఒకసారి ఆగండి. తప్పు మీరు చేసే పద్ధతిలో ఉంటే ఆ ఆరు ప్రాణాలూ వృథా అవుతాయి.

1 శాతం కారజీనన్‌ను సెలైన్‌లో ఎప్పుడు కలిపారు? అప్పటికప్పుడు కలిపితే ముద్దలు మిగులుతాయి, సూదికి అడ్డం పడతాయి. అప్పుడు ఒక పాదంలోకి 0.1 మి.లీ. పూర్తిగా వెళ్తే, ఇంకో పాదంలోకి అందులో కొంతే వెళ్తుంది. ముందురోజే కలిపి నాననివ్వండి. సూది వెంటనే లాగేయకుండా కొన్ని సెకన్లు ఆపండి, లేదంటే ద్రవం బయటికి కారుతుంది. చీలమండ దగ్గర చెరగని సిరాతో గీత పెట్టి, ప్రతిసారీ ఆ గీత వరకే ప్లెథిస్మోమీటర్‌లో (పాదం పరిమాణం కొలిచే పరికరం) ముంచాలి. కొలిచేది మొదటినుంచి చివరిదాకా ఒక్కరే కావాలి, ఏ ఎలుక ఏ గుంపుదో వారికి తెలియకూడదు. సూది అలవాటు కావాలంటే వేరే ప్రయోగంలో అప్పటికే చనిపోయిన ఎలుకల మీద సాధన చేయండి.

ఇక హాట్ ప్లేట్. సారం పనికిరాదని అది చెప్పడం లేదు. కారజీనన్ వాపులో మొదటి గంట హిస్టమిన్, సెరటోనిన్‌లది, మూడో గంట నుంచి ప్రధానంగా ప్రోస్టాగ్లాండిన్లది; ఇవన్నీ వాపు కలిగించడానికి శరీరమే విడుదల చేసే రసాయనాలు. వాపు తగ్గించే మందు ఇండోమెథాసిన్ బాగా పనిచేసేది అక్కడే. 55 డిగ్రీల పలక మీద పాదం నాకడం, ఎగరడం ఆలస్యం చేసేవి మార్ఫిన్ వంటి మందులు. ఆస్పిరిన్, ఇండోమెథాసిన్ తరహా మందులు అక్కడ సాధారణంగా పెద్దగా ప్రభావం చూపవు. మీ సారం ఆ తరహాది కావచ్చు. అన్నట్టు, స్పందించినా స్పందించకపోయినా 15 సెకన్లకు చిట్టెలుకను తీసేస్తున్నారు కదా? పాదాలు కాలిపోకూడదు.

నొప్పి సంగతి తేలాలంటే పాదంలో ఫార్మాలిన్ ఎక్కించి నొప్పిని చూసే ఫార్మాలిన్ పరీక్ష మేలు. మొదటి 5 నిమిషాల నొప్పి నరాలను నేరుగా తాకినది, 15 నుంచి 30 నిమిషాల మధ్యది ఎక్కువగా వాపుతో కూడినది. సారం రెండో దశనే తగ్గిస్తే మీ రెండు ఫలితాలూ ఒకదానికొకటి పొసగుతాయి. కడుపులోకి అసిటిక్ ఆమ్లం ఎక్కించి, నొప్పితో చిట్టెలుక ఎన్నిసార్లు మెలికలు తిరుగుతుందో లెక్కించే పరీక్ష తేలికే గానీ, మత్తు కలిగించే మందు కూడా అందులో మెలికలను తగ్గిస్తుంది. అది చేస్తే, తిరిగే కడ్డీ మీద చిట్టెలుక నిలవగలదో లేదో చూసే రోటారాడ్ పరీక్ష కూడా తప్పనిసరి. కొత్త పరీక్షైనా, అదనపు జంతువులైనా, సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ముందుగా రావాలి.

ప్రశ్న: ధన్యవాదాలు మేడమ్. కారజీనన్ ఆ ఉదయమే కలిపాను. సాయంత్రం కొలతలు నా స్నేహితురాలు తీసింది. వాపు సరిగా రాని రెండు ఎలుకలను లెక్కలోంచి తీసేయవచ్చా?

జవాబు: తీసేయకూడదమ్మా. ఎంత కంటే తక్కువ వాస్తే తొలగించాలో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకుని ఉంటేనే ఆ వెసులుబాటు. ఇప్పుడైతే ఆరింటి అంకెలూ అలాగే చూపించి, ద్రావణం ఎప్పుడు కలిపారో, ఎవరు కొలిచారో థీసిస్‌లో రాయండి.