బస్టర్ కీటన్ 'ది ఫ్రోజెన్ నార్త్' (1922): హార్ట్ ఎవరో తెలియకపోయినా నవ్వు వస్తుందా?

పాతరీలు:
వచ్చే నెల మా ఫిల్మ్ క్లబ్బులో అమెరికన్ హాస్యనటుడు కీటన్ తీసిన ఈ 17 నిమిషాల మూకీ వేద్దామనుకుంటున్నాను. ఇది ఆ కాలపు నటుడు విలియం ఎస్. హార్ట్ కౌబాయ్ సినిమాల మీద పేరడీ. మా సభ్యుల్లో హార్ట్ పేరు విన్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారో లేదో. అసలు చూడని వాళ్లకు పేరడీ పండుతుందా? కొత్తవాళ్లతో కలిసి చూసినవారు చెప్పండి.

గోదారిగట్టు:
మా పిల్లలతో చూశాను. మొదలవగానే నవ్వారు. కనుచూపు మేర మంచు, మధ్యలో భూగర్భ రైలు స్టేషన్ మెట్లు, వాటి మీదుగా కీటన్ పైకి వస్తాడు! కౌబాయ్ హీరో అంటే ఎక్కడో దూరాన చుక్కలా కనిపించి, గుర్రం మీద దగ్గరవ్వాలి కదా. ఈయనేమో ఆఫీసుకు వెళ్లేవాడిలా ఆఖరి స్టేషన్లో దిగాడు. ఇది అర్థం కావడానికి హార్ట్ అక్కర్లేదు. 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చిన దగ్గర నుంచి టోపీ, గుర్రం, తుపాకీ మనకూ పరిచయమే.

టూరింగ్ టాకీస్:
జూదశాల దోపిడీ కూడా అంతే, వివరణ అవసరం లేదు. గోడ మీది పోస్టరులోని తుపాకీ వీరుణ్ణి కత్తిరించి కిటికీలో నిలబెడతాడు. లోపలివాళ్లు తోడుగా ఇంకొకడున్నాడని చేతులెత్తేస్తారు. ముఠా నాయకుడంటే సగం కాగితమే అని ఇంతకంటే తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

నిశ్శబ్దం:
అవి సరే. కానీ పాతరీలు గారూ, ఏడుపు సన్నివేశం దగ్గర మీకు చిక్కు వస్తుంది. కీటన్ గుమ్మంలోకి రాగానే లోపల ఒక జంట కౌగిలించుకుని ఉంటుంది. భార్య మోసం చేసిందనుకుని నిలబడిపోతాడు. చెంప మీద గ్లిజరిన్ కన్నీటి బొట్టు జారుతుంది. ఇద్దరినీ కాల్చేస్తాడు. తీరా చూస్తే ఆ ఇల్లు తనది కాదు, ఆవిడ తన భార్యా కాదు!

హార్ట్ సినిమాల్లో హీరో చెడ్డవాడుగా మొదలై, ఒక మంచి స్త్రీ వల్ల మారతాడు. ఆ మార్పుకు గుర్తు కన్నీరు. కీటన్ ఆ కన్నీటిని అలాగే ఉంచి మార్పును తీసేశాడు. అందుకే ఇది పైపై వెక్కిరింత కాదు. హార్ట్ ముఖం కూడా కీటన్‌ది లాగే కదలని రాయి కాబట్టి కీటన్ తన ముఖం మార్చుకోనక్కర్లేకపోయింది. ఆ గాంభీర్యంతోనే పక్కింటి ఇల్లాలి వెంట పడతాడు, హత్యలు చేస్తాడు. ఇది పట్టుబడాలంటే హార్ట్‌ను ఒక్కసారైనా చూసి ఉండాలి.

గోదారిగట్టు:
హార్ట్ దీనికి బాగా నొచ్చుకుని, చాలాకాలం కీటన్‌తో మాట్లాడలేదట కదా?

నిశ్శబ్దం:
కీటన్ స్వయంగా చెప్పుకున్న మాటే. నొచ్చుకోడూ మరి! హార్ట్ షేక్‌స్పియర్ నాటకాలాడి, ఏభై ఏళ్ల వయసులో సినిమాల్లోకి వచ్చాడు. అమెరికా పడమటి ప్రాంతపు కౌబాయ్ జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తున్నానన్నది ఆయన గర్వం.

సాయంత్రం ఆట:
నాకు ముగింపు నచ్చలేదు. చివర సినిమా హాల్లో నిద్రపోతున్న కీటన్‌ను లేపితే అంతా కలే! తప్పించుకోవడమే కదా.

టూరింగ్ టాకీస్:
నాకలా అనిపించలేదు. నిద్రపోయింది సినిమా హాల్లో. అంటే ఆ కథంతా తెర మీద చూసినవి కలగలిసిన కల. అందుకే మధ్యలో ఒక్క క్షణం తెల్ల యూనిఫాంలో, అప్పటి నటుడు-దర్శకుడు స్ట్రోహైమ్ వేషం వచ్చిపోతుంది. ఇదే ఊహను రెండేళ్ల తర్వాత కీటన్ 'షెర్లాక్ జూనియర్' సినిమాగా పెంచాడు. ముగింపు హడావిడిగా ఉందంటే మాత్రం ఒప్పుకుంటాను.

పాతరీలు:
అయితే హార్ట్ 'హెల్స్ హింజెస్' (1916) నుంచి పది నిమిషాలు ముందు వేస్తాను. మొత్తం వేస్తే కీటన్ వచ్చేసరికి సగం మంది టీకి లేచిపోతారు.

నిశ్శబ్దం:
హార్ట్ బైబిల్ పట్టుకుని కూర్చునే భాగం తప్పకుండా ఉంచండి. ముందు ఏమీ చెప్పకండి.