సమస్యాపూరణం: గోడ లేని గూడు గొప్ప రక్ష

కవనవనం (నిర్వహణ)

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య:

*గోడ లేని గూడు గొప్ప రక్ష*

ఇది ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తిచేయాలి. ఐదూ సూర్యగణాలే (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) గో–గొ. కావాలంటే తేటగీతిలోకి మార్చుకోండి. గోడ లేకపోతే రక్ష ఎలా అన్నదే చిక్కు. ఒక్క షరతు: పూరణ వంటచెరకు దాచుకునే పాక గురించే ఉండాలి. గ్యాస్ వచ్చినా స్నానాల నీళ్ళకి, పెళ్ళి వంటకి, పండక్కి అరిసెల పాకానికి కట్టెలు పేర్చుకునే ఇళ్ళు మన ఊళ్ళలో ఇంకా చాలానే ఉన్నాయి. వాటికి సరైన నీడ ఎలా వేయాలో పద్యంలో చెప్పగలిగితే ఆ పద్యం పదిమందికి పనికొస్తుంది.

దొడ్డిగుమ్మం

కప్పు పైన నుండి కారకున్నను జాలు
పక్క గాలి తగుల బాగ నెండు
వంటచెరకు దాచు వారి దొడ్డిని నిల్చు
గోడ లేని గూడు గొప్ప రక్ష

కవనవనం

శుభారంభం. సమస్యలోని చిక్కు సూటిగా విడిపోయింది. ‘కారకున్నను జాలు’ దగ్గర సరళాదేశం (‘చాలు’ ‘జాలు’ కావడం) చక్కగా పాటించారు. ‘బాగ’ మాత్రం మాటల్లో చెల్లినంతగా పద్యంలో చెల్లదు. రెండో పాదాన్ని ‘పచ్చి కట్టె గాలి పారి యెండు’ అంటే యతి ప–పా సరిపోతుంది, అసలు కారణం కూడా పద్యంలోకి వస్తుంది. అప్పుడే కొట్టిన చెట్టులో బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. అది 20 శాతం లోపుకు దిగితే తప్ప కట్టె శుభ్రంగా మండదు. ఆ నీరంతా ఆవిరై పోవడానికి దారి కావాలి. నాలుగు వైపులా గోడ కట్టి తలుపు బిగిస్తే ఆవిరి లోపలే ఉండి బూజు పడుతుంది. మొత్తం మోపు మీద నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పి నేల దాకా దించినా అంతే. పట్టా పైన మాత్రమే ఉండాలి.

సరుగుడు తోట

మాది ప్రకాశం జిల్లా తీరం, సరుగుడు కట్టెలు మాకు అలవాటే. చెదల బాధ చెప్పకుండా ఉండలేను.

నేల మీదఁ గట్టె నేరుగాఁ బేర్చిన
చెదలు తినును తేమ చేరి చివుకు
ఇటుకపైనఁ బేర్చి యిరువైపులు విడువ
గోడ లేని గూడు గొప్ప రక్ష

కవనవనం

సరుగుడు తోట గారూ, గణాలు, యతులు అన్నీ కుదిరాయి. ‘పేర్చిన’, ‘పేర్చి’ అని ఒకే క్రియ రెండుసార్లు వచ్చింది, అదొక్కటే. మూడో పాదం ‘ఇటుకపైని కెత్తి యిరువైపులు విడువ’ అంటే పునరుక్తి పోతుంది, కట్టెను నేల నుంచి పైకి లేపాలన్న మాట ఇంకా గట్టిగా వినబడుతుంది.

విషయంలో ఒక చేర్పు. చెదలు ఇటుక మీద కూడా మట్టి గొట్టం కట్టుకుని ఎక్కుతాయి. ఇటుకలను వరసగా గోడలా కాక, ఎడంగా దిమ్మలుగా పేర్చి, వాటి మీద వాసాలు పరిచి, అడుగున జానెడు ఖాళీ వదలాలి. అప్పుడు ఆ మట్టి గీత కంటికి కనబడుతుంది, చీపురుతో దులిపేయొచ్చు. ఇంటి గోడకు ఆనించి పేర్చడం అసలు వద్దు. చెద నేరుగా ద్వారబంధాలకు ఎక్కుతుంది. మోపుకీ గోడకీ మధ్య మనిషి చెయ్యి దూరి ఊడ్చేంత సందు ఉండాలి. తేళ్ళు, పాములు చేరేది కూడా ఊడ్వని మూలల్లోనే.

ఉత్తరాంధ్ర వాన

గాలివాన రాగ గోడలు కూలును
దారి యిచ్చు పాక దానిఁ దాటు
తాళ్ళు బిగియఁ గట్టి తాటాకుఁ గప్పిన
గోడ లేని గూడు గొప్ప రక్ష

కవనవనం

‘దారి యిచ్చు పాక దానిఁ దాటు’ ఈ వారం వచ్చిన పాదాల్లో నాకు బాగా నచ్చింది. మొదటి పాదంలో యతి తప్పింది. గా–గో కుదరవు, ఆకారానికి ఓకారంతో మైత్రి లేదు. ‘గాలివానఁ గూలు గట్టి గోడలు గూడ’ అని చూడండి.

భావంలో కూడా ఒక మాట అనాలి. గోడ లేని పాకను గాలి పక్కకు తోయదు నిజమే, కానీ కింద నుంచి దూరి కప్పును పైకి ఎత్తుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన రోజు రేకులు ఎలా లేచాయో మీ వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తాళ్ళ బిగింపు ఆకును పట్టుకుంటుంది, పాకను మాత్రం రాటలే పట్టుకోవాలి. రేకైతే జె-బోల్టులు (కొక్కెంలా వంగిన బోల్టులు) వేసి దూలానికి పట్టించాలి, ఉత్త మేకులు ఊడొస్తాయి. మూడో పాదంలో ఆ బలం చూపించగలరా?

ఉత్తరాంధ్ర వాన

గాలివానఁ గూలు గట్టి గోడలు గూడ
దారి యిచ్చు పాక దానిఁ దాటు
నేల లోతుఁ దవ్వి నిట్టరాళ్ళను బాత
గోడ లేని గూడు గొప్ప రక్ష

కవనవనం

ఇప్పుడు పద్యమూ పాకా రెండూ నిలబడ్డాయి! ‘నిట్టరాళ్ళు’ అంటే ఇక్కడ రాళ్ళు కావు, పాకను మోసే నిట్టరాటలు. నే–ని యతి సహజంగా పడింది.

పొయ్యిరాళ్ళు

అందరూ పాక దగ్గరే ఆగారు. ఆ కట్టె చివరికి చేరేది పొయ్యి దగ్గరికి. మా అమ్మ, అత్తయ్య వాళ్ళు ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ వండిన రోజులు నాకు తెలుసు. నాది తేటగీతి.

తడిసి యున్నట్టి కట్టెకుఁ దగుల నిప్పు
పొగకుఁ గన్నీళ్ళు కారును పొయ్యి యొద్ద
గాలి యిటునటు వీచంగఁ గప్పు నిడిన
గోడ లేనట్టి గూడయ్యె గొప్ప రక్ష

కవనవనం

పొయ్యిరాళ్ళు గారూ, సమస్యను తేటగీతిలోకి మార్చినా యతిస్థానం చెదరలేదు. ‘లేనట్టి’, ‘గూడయ్యె’ రెండూ తగణాలై (గురువు, గురువు, లఘువు) హాయిగా సాగాయి. ఎవరికి రక్ష అన్న ప్రశ్నకు మీ పద్యమే జవాబు చెప్పింది. ఇంతవరకు మేమంతా కట్టెకు రక్ష అనుకున్నాం, మీరు వండే మనిషికి అన్నారు. తడి కట్టె మండేటప్పుడు వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మంట చల్లబడి సగం కాలిన వాయువులు పొగగా లేస్తాయి. ఆ పొగ ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం తరాలుగా జరుగుతున్న అన్యాయం. ఈ వారం ఉత్తమ పూరణ నా దృష్టిలో ఇదే.

నెల్లూరు సముద్రం

నాలుగు వైపులా వదిలేస్తే జల్లు కొట్టదా? నా పూరణ:

వాన కొట్టు వైపు వాలుగానుఁ దడిక
నిలిపి తక్కినట్టి నెలవు తెరిచి
మూడు దిక్కు లందు ముసరి గాలులు వీవ
గోడ లేని గూడు గొప్ప రక్ష

దొడ్డిగుమ్మం

తడిక కడితే ఒకవైపు గోడ ఉన్నట్టే కదండీ? సమస్య భంగపడదా?

నెల్లూరు సముద్రం

తడిక సందుల్లోంచి గాలి ఆడుతుంది, జల్లు మాత్రం విరిగి కిందికి జారుతుంది. నేలకు జానెడు పైనే ఆపుతాం.

కవనవనం

ఆయన వాదం నాకు సమ్మతమే. ‘తడిక / నిలిపి’ అని పాదం దాటి అన్వయం సాగడం కూడా బాగుంది. ‘నెలవు’ బదులు ఇంకా తేలిక మాట దొరుకుతుందేమో వెతకండి, యతి కోసం వచ్చినట్టు తెలిసిపోతోంది.

చదివేవాళ్ళు గమనించాల్సింది ఒకటి: ఆ తడిక ఏ వైపు అన్నది ఊరిని బట్టి మారుతుంది. తెలంగాణలో ఎక్కువ వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలదే, అక్కడ పడమర, దక్షిణం వైపులు చూసుకోవాలి. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ, అక్కడ తూర్పు, ఉత్తరం. కప్పు వాలు కూడా ఆ వైపుకే దించి, చూరు మోపు కంటే రెండు అడుగులు బయటకు వచ్చేలా వేస్తే చాలావరకు తడికతో పని ఉండదు. చూరు నీళ్ళు పడే చోట చిన్న కాలువ తీయండి.

పూరణలు ఆదివారం రాత్రి వరకు పంపవచ్చు. కందంలో ఎవరూ ప్రయత్నించలేదు, ఎదురుచూస్తున్నాను.