ఏరోబాటిక్స్ (విమాన విన్యాసాల) పోటీలో మొదటిసారి వచ్చిన వాలంటీర్‌ని రికార్డర్‌గా, అంటే జడ్జి చెప్పే మార్కులు షీట్‌లో రాసేవాడిగా, కూర్చోబెట్టొచ్చా?

గాలివాటం:
మొన్న లోకల్ పోటీలో మనుషులు చాలక, విమానాల గురించి ఓనమాలు కూడా రాని కుర్రాణ్ణి జడ్జి పక్కన రికార్డర్‌గా కూర్చోబెట్టేశారు. జడ్జి లూప్ (నిలువునా గుండ్రంగా తిరగడం) మార్కు కాస్త ఆలస్యంగా చెప్పారు, ఈలోగా హ్యామర్‌హెడ్ (నిటారుగా పైకెళ్లి, అక్కడే తిరిగి నిటారుగా కిందికి రావడం) అయిపోయింది, రెండు మార్కులూ తారుమారు. లూప్‌కి 8, హ్యామర్‌హెడ్‌కి 6.5 పడాలి. మార్కుని హెచ్చవేసే కష్టం అంకె, కె ఫ్యాక్టర్, లూప్‌కి 10, హ్యామర్‌హెడ్‌కి 17 కదా, 190.5 రావాల్సింది 201 అయి కూర్చుంది. పదిన్నర పాయింట్లు ఊరికే! ఫ్లైట్ అయ్యాక జడ్జి షీట్ చూసి దిద్దారు సరే, చూడకపోతే? కొత్తవాళ్లని బౌండరీ జడ్జింగ్‌కి (విమానం హద్దు దాటిందేమో చూడటానికి) పంపండి, షీట్ మాత్రం ముట్టుకోనివ్వకండి.

తలకిందులు:
అన్నా మీరెప్పుడైనా ఆ కుర్చీలో కూర్చున్నారా? రికార్డర్‌కి అసలు విమానమే కనపడదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నెత్తిమీద ఇంజిన్ అరుస్తుంటే తలెత్తకుండా ఉండటమే పెద్ద పరీక్ష, ఒకవైపు జడ్జి అసిస్టెంట్ తర్వాతి ఫిగర్ (విన్యాసం) చదువుతుంటాడు, ఇంకోవైపు జడ్జి 10 మార్కుల్లోంచి, తప్పిన ప్రతి 5 డిగ్రీలకి అర మార్కు చొప్పున కోసుకుంటూ వచ్చి "ఏడున్నర, పైకెళ్లే లైన్ వాలింది" అంటాడు, నేను గడి మీద బొటనవేలు ఆనించుకుని రాసుకుంటూ పోయా. దీనికి కావాల్సింది చెవులు, ఫ్లయింగ్ కాదు. ఫ్లయింగ్ తెలిసినోళ్లే పైకి చూసేస్తారు 😀

మూడో చుట్టు:
పోటీ చేసేవాడిగా ఒక మాట. మా కేటగిరీ ఎగరనప్పుడు మేమూ జడ్జిల లైన్‌లో సాయానికి కూర్చుంటాం, తప్పించుకోం. కానీ కాసేపట్లో నా ఫ్లైట్ ఉందంటే కళ్లు మూసుకుని చేతులు తిప్పుకుంటూ నా సీక్వెన్స్ (ఫిగర్ల వరుస) నేను వల్లె వేసుకుంటుంటా, అప్పుడు నా చేతికి పెన్నిస్తే ఆ కుర్రాడికన్నా ఘోరంగా రాస్తా. పైగా ఐదుగురు జడ్జిలుంటే అసిస్టెంట్లు, రికార్డర్లతో కలిపి 15 మంది, బౌండరీవాళ్లు వేరే. ఎక్కణ్ణుంచి తెస్తారు?

గాలివాటం:
మనుషుల్లేరని ఎవరో ఒకరితో రాయించేస్తామా? కనీసం అసిస్టెంట్ ఫిగర్ నంబర్ గట్టిగా చెప్పాలి, రికార్డర్ మార్కు తిరిగి పలకాలి. మొన్న ఆ రెండూ జరగలేదు.

తలకిందులు:
మరి తప్పు కుర్రాడిదెలా అయింది, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పనివాళ్లది కదా. ఇంక మీరు చెప్పిన బౌండరీ సంగతి. విమానం దాటకూడని 1000 మీటర్ల బాక్స్ మూలన ఎండలో ఒక్కడే నిలబడి, విమానం గీత దాటిందో లేదో ఆ క్షణంలోనే తేల్చాలి. రాసేచోట తప్పు పోతే దిద్దడానికి జడ్జి పక్కనే ఉన్నాడు, అక్కడ ఎవడున్నాడు? దాటిందంటే పెనాల్టీ పడిపోయినట్టే.

గాలివాటం:
సరే, బౌండరీ విషయం ఒప్పుకున్నా. కానీ మొదటిరోజే పై కేటగిరీలకి వద్దు, అన్నిటికన్నా కిందిదైన ప్రైమరీకి కూర్చోబెట్టండి, ఫిగర్లు తక్కువ, తప్పు పోయినా పెద్ద నష్టం ఉండదు.

మూడో చుట్టు:
నేను ఎగిరేది ప్రైమరీనే అన్నా. మావి మార్కులు కావా?