ఈఆర్‌పీ అంతా ఒకేసారి మొదలుపెట్టాలా, విడతలుగానా?
మాది విడిభాగాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. ఇన్నాళ్లూ కొనుగోళ్లు ఎక్సెల్‌లో, స్టాక్ రిజిస్టర్‌లో, లెక్కలు వేరే సాఫ్ట్‌వేర్‌లో నడిచాయి. ఇప్పుడు ఇవన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, అదే ఈఆర్‌పీ, పెట్టే బాధ్యత నా నెత్తిన పడింది.

సాఫ్ట్‌వేర్ కంటే డేటాతోనే నాకు టెన్షన్. ఒకే బోల్టుకి మూడు కోడ్‌లు ఉన్నాయి. స్టోర్‌వాళ్లు పెట్టిన పేరొకటి, పర్చేజ్‌వాళ్లది ఇంకొకటి, మూడోది ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు! ఐటమ్ మాస్టర్‌ని, అంటే సరుకులన్నిటి కోడ్‌లూ పేర్లూ ఉండే జాబితాని, శుభ్రం చేయకుండా ఎక్కిస్తే కొత్త సిస్టమ్ కూడా స్టాక్ తప్పుగానే చూపిస్తుంది కదా. ఈ పని మీరు ఎవరిచేత చేయించారు? ఎన్నాళ్లు పట్టింది?

ఇంకోటి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు అన్ని మాడ్యూళ్లూ (ఒక్కో పనికి ఉండే విభాగాలు) ఒకేరోజు మొదలుపెడదామంటున్నారు. నాకేమో ముందు కొనుగోళ్లు, స్టాక్, అకౌంట్స్ కుదుటపడ్డాక ఉత్పత్తి ప్లానింగ్ పెడితే మేలనిపిస్తోంది. అలా చేస్తే ఆ మధ్యకాలంలో ఉత్పత్తికి వాడిన ముడిసరుకును స్టాక్‌లోంచి ఎలా తగ్గించాలి? రోజూ చేత్తో ఎంట్రీ వేయడమేనా?

ఒక నెలపాటు పాతదీ కొత్తదీ రెండూ నడిపినవాళ్లు ఉంటే చెప్పండి. రెండుసార్లు ఎంట్రీ అనగానే మా స్టోర్ కీపర్ ఇప్పటికే దండం పెట్టేస్తున్నాడు. ఆయన్ని ఎలా ఒప్పించాలి?